గోలు కానీయనివారు

పులికాట్ సరస్సునకు తూర్పున, సముద్రమునకును సరస్సునకును నడుమ, సన్నగా సాగిన ద్వీపమొకటి కలదు. దాని పేరు శ్రీహరికోట. నేడు ఆ పేరు చెప్పగానే అందరికిని ఆకాశమునకు ఎగయు రాకెట్లు జ్ఞాపకము వచ్చును. కాని రాకెట్ల కాలమునకు ఎంతో ముందునుండి ఆ ద్వీపము చేయుచున్న పని మరియొకటి ఉన్నది. బంగాళాఖాతపు కెరటములు నేరుగా సరస్సు మీదికి రాకుండ అది అడ్డము నిలిచియున్నది. తూర్పు ఒడ్డున సముద్రము రాత్రింబవళ్ళు ఘోషించుచుండగా, పడమట తడ, సూళ్ళూరుపేట వైపున నీరు నిలకడగా నుండును. జాలరి తన పడవను వాటముగా నడుపుకొనును. ఫ్లెమింగో పక్షులు మోకాలిలోతు నీటిలో నిలిచి మేత మేయును. చూడవచ్చినవారు పక్షులను మెచ్చుకొందురు, నీటిని మెచ్చుకొందురు. ఆ నీటిని నిలిపిన ద్వీపమును మెచ్చుకొనువారు అరుదు.

ఫుట్‌బాల్ ఆటలో ఇట్టి పని చేయు ఆటగాడు ఒకడున్నాడు. అతనిని బ్యాక్ అందురు, డిఫెండరు అందురు. మన మాటలో రక్షకుడు అనవచ్చును. రేడియోలో ఫుట్‌బాల్ పోటీ వర్ణన వినుచున్నప్పుడు, వ్యాఖ్యాత గొంతు ఒక్కసారిగా హెచ్చి "గోల్!" అని మ్రోగిన క్షణమున ఇంటిల్లిపాదియు రేడియో దగ్గరకు జరుగుదురు. ఆ గోలు చేసినవాని పేరు మరునాడు బడిపిల్లల నోట ఉండును. అంతకు ముందు పావుగంట సేపు, మూడు మారులో నాలుగు మారులో, గోలు కావలసిన బంతిని కాకుండ ఆపినవాని పేరు ఎవరికి జ్ఞాపకమున్నది? వ్యాఖ్యాత అతని పేరు చెప్పియే యుండును. కాని ఆ పేరు చెప్పిన వెంటనే బంతి మరియొకరి దగ్గరకు పోవును. మన చెవియు దానివెంటనే పోవును.

నేటి ప్రసంగము ఆ రెండవవానిని గూర్చినది. అతని పని ఎట్టిది, ఆ విద్య ఎట్లు అబ్బును, దానితో ఒక మనిషి బ్రతుకు ఎట్లు సాగును అను విషయములను మన తెలుగునాటి ఉదాహరణముతోనే చెప్పుకొందము. హైదరాబాదులో పుట్టి, పోలీసు జట్టులో ఆడి, కలకత్తాలో పేరు పొంది, భారత జట్టునకు నాయకుడై, తరువాత శిక్షకుడైన సయ్యద్ నయీముద్దీన్‌గారి జీవితమే ఆ ఉదాహరణము.

ముందుగా ఆటను గూర్చి రెండు మాటలు. ఫుట్‌బాల్ జట్టులో 11 మంది ఉందురు. వారిలో ఒకడు గోలు కాపరి. పాతకాలపు పద్ధతిలో గోలు కాపరికి ముందు ఇద్దరు ఫుల్‌బ్యాకులు, వారికి ముందు ముగ్గురు హాఫ్‌బ్యాకులు, అందరికంటె ముందు ఐదుగురు ఫార్వర్డులు నిలుచుచుండిరి. దాడికి ఐదుగురు, కాపుదలకు ఇద్దరు! ఇది ఎట్లు చెల్లినదని మీరు అడుగవచ్చును. దానికి ఆఫ్‌సైడు నిబంధన కారణము. బంతిని ముందున్న తనవానికి అందించునప్పుడు, ఆ అందుకొనువానికిని గోలు గీతకును నడుమ ఎదుటి జట్టువారు కనీసము ముగ్గురు ఉండవలెనని 1925 వరకు నియమము. అందుచేత దాడి చేయువాడు ముందుకు పోయి నిలుచుటకు వీలు లేకుండెను. 1925లో ఆ ముగ్గురిని ఇద్దరిగా తగ్గించినారు. మార్పు చిన్నదే, కాని దానితో ఆట స్వరూపమే మారినది. గోళ్ళు హెచ్చినవి. అప్పుడు ఇంగ్లండులో ఆర్సెనల్ జట్టు నిర్వాహకుడు హెర్బర్ట్ చాప్‌మన్, మధ్యలోని సెంటర్‌హాఫ్‌ను వెనుకకు లాగి ఇద్దరు ఫుల్‌బ్యాకుల నడుమ నిలిపినాడు. ఎదుటి జట్టు నడిమి ఫార్వర్డును ఆపుటయే అతని పని. అందువలన అతనికి స్టాపర్ అని పేరు వచ్చినది. 1958లో స్వీడన్‌లో జరిగిన ప్రపంచ కప్పును బ్రెజిల్ జట్టు గెలిచినప్పుడు వెనుక నలుగురు నిలుచు పద్ధతి లోకమంతటికిని తెలిసినది. ఈ విధముగా ముప్పది మూడేండ్లలో వెనుక వరుస ఇద్దరినుండి నలుగురైనది. దాడి చేయువాడు తెలివి మీరినకొలది కాచువాని అవసరము పెరిగినదని దీని తాత్పర్యము.

రక్షకుని పని బంతిని దూరముగా తన్నుట మాత్రమేయని పలువురి అభిప్రాయము. అది పొరపాటు. మన చెడుగుడు ఆటను తలచుకొనుడు. కూతకు వచ్చినవాడు కాలు చాచి ఊరించును. తొందరపడి మీద పడిన పట్టరి చేతికి చిక్కక అతడు తాకి పోవును. ఓపికతో వాని దారి మూసి, తోడివారిని కలుపుకొని, అదను చూచి పట్టినవాడే పట్టరి. ఫుట్‌బాల్ రక్షకుని విద్యయు ఇట్టిదే. అతడు మొదట నేర్వవలసినది నిలుచు చోటు. బంతికిని తన గోలుకును నడుమ తాను ఉండవలెను. రెండవది ఓపిక. ఎదుటివాడు బంతితో ఎన్ని నాట్యములు చేసినను, చూపు బంతి మీదనే ఉండవలెను గాని వాని నడుము మీద, భుజముల మీద ఉండరాదు. మూడవది తోడు. ఒక బ్యాక్ ఎదురు పోయినప్పుడు రెండవవాడు అతని వెనుకకు జరుగవలెను. మొదటివాడు తప్పినచో రెండవవాడు ఉండును. నాలుగవది మాట. వెనుకనున్నవానికి మైదానమంతయు కనిపించును, ముందున్నవానికి కనిపించదు. అందుచేత వెనుకవాడు ఎప్పటికప్పుడు పిలిచి చెప్పుచుండవలెను.

ఆఫ్‌సైడు వల పన్నుట వీరి విద్యలో మిక్కిలి సూక్ష్మమైనది. ఎదుటివాడు బంతి అందించుటకు కాలు ఎత్తిన క్షణమున, వెనుక వరుసవారందరును ఒక్కుమ్మడిగా ముందుకు అడుగు వేయుదురు. అప్పుడు దాడికి వచ్చినవాడు వారి వెనుక ఒంటరిగా మిగిలి ఆఫ్‌సైడులో చిక్కును. కాని నలుగురిలో ఒక్కడు అడుగు ఆలస్యము చేసినచో వల చినిగినట్లే. సరస్సులో వల లాగు జాలరులలో ఒక్కడు చేయి వదలినచో ఏమగునో మన ప్రాంతము వారికి వేరుగా చెప్పనక్కరలేదు. పట్టిన చేప అంతయు ఆ ఒక్క సందునుండి పోవును. నిందయు ఆ ఒక్కనికే వచ్చును. ఫార్వర్డు పది మారులు గురి తప్పి ఒక్క మారు గోలు చేసినచో వీరుడగును. రక్షకుడు పది మారులు ఆపి ఒక్క మారు తప్పినచో దోషియగును. ఆ వృత్తి కష్టము ఈ ఒక్క మాటలో ఉన్నది.

ఇట్టి విద్య తనంతట తాను రాదు. ఫార్వర్డునకు పుట్టుకతో వచ్చిన చురుకుదనము కొంత తోడ్పడవచ్చును. రక్షకుని మాత్రము ఎవరో కూర్చుండబెట్టి, నిలువబెట్టి, చెప్పిన మాటనే నూరు మారులు చెప్పి తయారు చేయవలెను. ఆ పని చేసిన మహనీయుడు ఒకడు హైదరాబాదులో ఉండెను. ఆయన సయ్యద్ అబ్దుల్ రహీంగారు. ఆయన 1909లో జన్మించినారు. వృత్తిచేత బడిపంతులు. 1943లో హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘమునకు కార్యదర్శి అయినారు. 1950లో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు శిక్షణ భారమును స్వీకరించినారు. ఆ సంవత్సరమే ఆ జట్టు ప్రాచీనమైన డ్యూరాండ్ కప్పును గెలిచినది. బొంబాయి రోవర్స్ కప్పును 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదేండ్లు గెలిచినది. 1954లోను, 1957లోను డ్యూరాండ్ మరల వారిదే అయినది. రాష్ట్రముల పోటీయైన సంతోష్ ట్రోఫీలో 1956-57, 1957-58 సంవత్సరములలో హైదరాబాదు విజేత.

రహీంగారు బడిపంతులు గనుక ఆటను పాఠమువలె విభజించి చెప్పినారు. ఎక్కువమందికి కుడికాలు వాటముగా నుండును. ఎడమకాలు ఉత్త ఊతకోలవలె వెంట వచ్చును. అందుచేత ఆయన వాటము లేని కాలితోనే ఆడవలెనని నియమము పెట్టి పోటీలు జరిపించినారు. బంతిని ఒంటరిగా నడుపుకొనిపోరాదు, వెంటనే తోడివానికి అందించవలెనని మరియొక విధమైన పోటీలు జరిపించినారు. పైకి ఇవి పిల్లల వినోదములవలె కనిపించును. కాని ఆలోచించి చూచినచో రక్షకునికి కావలసిన విద్య అంతయు వీటిలోనే ఉన్నది. ఎదుటివాడు ఏ వైపునుండి వచ్చునో బ్యాక్ నిర్ణయింపలేడు. రెండు కాళ్ళును సమానముగా పనిచేయనిచో అతడు సగము మనిషి. బంతి దొరికిన వెంటనే దానిని అందింపలేనిచో, ఆపిన బంతియే మరల ఎదుటివాని పాలగును.

లోకపు ఆటకును మన ఆటకును ఎంత దూరమున్నదో రహీంగారు కన్నులార చూచినవారు. 1952లో హెల్సింకి ఒలింపిక్సులో యుగోస్లావియా చేతిలో మన జట్టు 10-1 తేడాతో ఓడినది. అప్పటికి మనవారిలో పలువురు బూట్లు లేకుండ ఆడువారు. ఆ దెబ్బతో దేశమునకు కన్ను తెరచుకొన్నది. నాలుగేండ్లకు, 1956లో, మెల్‌బోర్న్ ఒలింపిక్సులో అదే దేశపు జట్టు ఆస్ట్రేలియాను 4-2 తేడాతో ఓడించి సెమీఫైనల్ చేరినది. అక్కడ మరల యుగోస్లావియాయే ఎదురై 4-1 తేడాతో గెలిచినది. మనకు నాలుగవ స్థానము దక్కినది. నెవిల్ డిసౌజా ఆస్ట్రేలియాపై చేసిన మూడు గోళ్ళను నేటికిని చెప్పుకొందురు. ఆ జట్టు వెనుక వరుసలో హైదరాబాదు పోలీసు జట్టునుండి వచ్చిన అజీజుద్దీన్, హాఫ్‌బ్యాకుగా నూర్ మహమ్మద్ ఉండిరని చెప్పుకొనువారు కొందరే. పదినుండి నాలుగునకు దిగిన ఆ ఆరు గోళ్ళ తేడాలో వెనుకవారి శ్రమ ఎంత యున్నదో మనము ఊహించుకొనవచ్చును.

1962లో జకార్తాలో జరిగిన ఆసియా క్రీడలలో మన జట్టు స్వర్ణ పతకము గెలిచినది. అంతిమ పోటీలో దక్షిణ కొరియాపై 2-1 తేడాతో విజయము. శిక్షకులు రహీంగారే. అప్పటికే ఆయనను క్యాన్సరు వ్యాధి బాధించుచుండెను. 1963 జూన్ 11న ఆయన పరమపదించినారు. ఆ జకార్తా విజయములో ఒక విచిత్రము కలదు. పంజాబునుండి వచ్చిన జర్నైల్ సింగ్ ఆనాడు ఆసియాలో పేరుమోసిన స్టాపర్. అంతకు ముందు పోటీలో అతని తలకు గాయమై కుట్లు పడినవి. రహీంగారు అతనిని సెమీఫైనల్లోను, ఫైనల్లోను వెనుకనుండి ముందునకు మార్చి ఫార్వర్డుగా ఆడించినారు. రెండింటను అతడు గోలు చేసినాడు. నేడు జర్నైల్ సింగ్ పేరు ఎత్తినప్పుడెల్ల చెప్పునది ఆ గోళ్ళ కథయే. ఏండ్ల తరబడి అతడు ఆపిన గోళ్ళకు కథ లేదు. రక్షకుడు కూడ లోకము జ్ఞాపకముంచుకొనవలెనన్నచో గోలు చేయవలసి వచ్చినది!

ఇక నయీముద్దీన్‌గారి విషయము. ఆయన 1944లో హైదరాబాదులో జన్మించినారు. రహీంగారు తీర్చిదిద్దిన ఆ పోలీసు జట్టులోనే పెద్ద ఆటకు అడుగుపెట్టినారు. ఈనాటి పిల్లలకు ఇక్కడ ఒక సంగతి విప్పి చెప్పవలెను. ఆనాడు మన దేశములో ఫుట్‌బాల్ ఆడి జీతము పుచ్చుకొను పద్ధతి బహిరంగముగా లేదు. ఆటగానికి పోలీసు శాఖలోనో, రైల్వేలోనో, బ్యాంకులోనో ఉద్యోగము ఇచ్చెడివారు. ఉద్యోగము ఉన్నందున ఇల్లు గడచును. జట్టు ఉన్నందున ఆట సాగును. హైదరాబాదు పోలీసు జట్టు అంత బలముగా నిలుచుటకు ఇదియొక కారణము. పేద ఇంటి కుర్రవానికి ఆట ఒక కొలువునకు దారి అయినది. ఆ దారి ఉన్నంతకాలము తండ్రులు కొడుకులను మైదానమునకు పోవద్దని అదలింపలేదు.

కాని ఆటకు పెద్ద అంగడి కలకత్తా. ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మహమ్మడన్ స్పోర్టింగ్ అను మూడు క్లబ్బులు అక్కడ ప్రజల జీవితములో భాగములు. వాటి మధ్య పోటీ జరుగు దినమున ఊరిలో వేరు మాట ఉండదు. సికింద్రాబాదు బాలుడైన తులసీదాస్ బలరామ్ 1957లోనే ఈస్ట్ బెంగాల్ చేరి ఆ దారి చూపినారు. 1960ల నడిమి సంవత్సరములలో హైదరాబాదునుండి మహమ్మద్ హబీబ్ పోయినారు, నయీముద్దీన్‌గారు పోయినారు. ఆయన ఆ మూడు క్లబ్బుల పక్షమునను ఆడినారు. ఒక ఫార్వర్డు క్లబ్బు మారినచో అతడు తెచ్చు గోళ్ళను లెక్కించి విలువ కట్టుదురు. ఒక రక్షకుని మూడు ఉద్దండ క్లబ్బులును కోరుకొన్నవన్నచో, ఆయన ఆపిన గోళ్ళను ఎవరో ఒకరు మనసులోనైనను లెక్క వేసినారన్నమాట.

ఊరు విడిచి, భాష తెలియని నగరమునకు పోయి, కాలి బలము మీద బ్రతుకుట ఒక్క మనవారికే కలిగిన అనుభవము కాదు. సముద్రముల కావల కరేబియన్ దీవుల కుర్రవాండ్రను చూడుడు. జమైకా, ట్రినిడాడ్ వంటివి చిన్న దేశములు. అక్కడ ఆట యున్నది, ఉత్సాహమున్నది. పెద్ద జీతములిచ్చు క్లబ్బులు మాత్రము లేవు. అందుచేత ఆటగాడు ఇంగ్లండునకో అమెరికాకో పోవలెను. జమైకా 1998లోను, ట్రినిడాడ్-టొబాగో 2006లోను ప్రపంచ కప్పునకు ఎక్కినవి. పరదేశపు క్లబ్బులలో రాటుదేలినవారు తిరిగి వచ్చి దేశపు చొక్కా తొడిగినందువలననే అది సాధ్యమైనది. 2006లో ట్రినిడాడ్ జట్టు స్వీడన్‌ను ఒక్క గోలైనను చేయనీయక 0-0తో నిలిపినది. ఆ దినమున ఆ చిన్న దీవులలో పండుగ చేసికొన్నారు. గోలు లేని ఆటకు పండుగ! రక్షకుని విలువ తెలిసిన జనము అట్టి పండుగ చేసికొనగలరు. వారికి సముద్రము దాటుట ఎట్లో, మన హైదరాబాదు కుర్రవానికి ఆనాడు హౌరా రైలు ఎక్కుట అట్లు.

1970 డిసెంబరులో బ్యాంకాక్ నగరములో ఆరవ ఆసియా క్రీడలు జరిగినవి. భారత ఫుట్‌బాల్ జట్టునకు నాయకుడు నయీముద్దీన్‌గారు. శిక్షకులు జి.ఎం.హెచ్. బాషాగారు. వెనుక వరుసలో ఆయనతో పాటు బెంగాలునకు చెందిన సుధీర్ కర్మాకర్, చంద్రేశ్వర్ ప్రసాద్ మొదలైనవారు ఉండిరి. ముందు వరుసలో హైదరాబాదు హబీబ్ కలరు. మన జట్టు సెమీఫైనల్లో బర్మా చేతిలో ఓడినది. కాంస్య పతకమునకై జపాన్‌తో ఆడవలసి వచ్చినది. జపాన్ అన్నచో ఆనాడు సామాన్యమైన జట్టు కాదు. రెండేండ్ల క్రిందట, 1968లో, మెక్సికో ఒలింపిక్సులో కాంస్య పతకము గెలిచిన జట్టు అది. ఆ ఒలింపిక్సులో అందరికంటె ఎక్కువ గోళ్ళు చేసిన ఆటగాడు కూడ జపాన్ వాడే. అట్టి జట్టును మనవారు 1-0 తేడాతో ఓడించినారు.

ఆ అంకెలను మరల ఒక మారు చూడుడు. ఒకటి, సున్న. ఆ ఒకటికి ఒక పేరున్నది. మంజిత్ సింగ్ చేసిన గోలు అది. సున్నకు పేరు లేదు. కాని పతకము తెచ్చినది ఒకటి మాత్రమే కాదు, సున్న కూడ. ఒకటి ఒక్క క్షణములో పుట్టును. సున్నను ఆట ముగియువరకు, ప్రతి నిమిషమును, నిలుపుకొనవలెను. వెనుక నిలిచినవారు ఒక్క అడుగు తప్పినచో అది పోవును. నాయకుడు కూడ ఆ వెనుకవారిలో ఒకడైనందున, తన జట్టు మొత్తమును కన్నుల యెదుట పెట్టుకొని పిలిచి చెప్పు అవకాశము ఆయనకు కలిగినది. ఆసియా క్రీడలలో భారత ఫుట్‌బాల్ జట్టు గెలిచిన పతకములలో అది మూడవది. 1951, 1962 సంవత్సరముల స్వర్ణములు మొదటి రెండు. ఆ తరువాత అర్ధశతాబ్దము దాటినను నాలుగవది రాలేదు.

ఆ సంవత్సరమే నయీముద్దీన్‌గారికి అర్జున పురస్కారము లభించినది. ఈ పురస్కారము 1961లో ఆరంభమైనది. అప్పటినుండి 1970 వరకు ఫుట్‌బాల్‌లో దీనిని అందుకొన్నవారు తొమ్మండుగురు. వారిలో నలుగురు హైదరాబాదు ఆటతో పెరిగినవారు: 1962లో బలరామ్, 1966లో యూసుఫ్ ఖాన్, 1967లో గోలు కాపరి పీటర్ తంగరాజ్, 1970లో నయీముద్దీన్. మరియొక లెక్క. ఆ తొమ్మండుగురిలో జర్నైల్ సింగ్, అరుణ్ ఘోష్, నయీముద్దీన్ అను ముగ్గురు వెనుక వరుసవారు. జనము మరచినను, ఆటను లోతుగా చూచినవారు రక్షకుని మరువలేదని ఈ లెక్క వలన తెలియుచున్నది.

ఆటగాని ఆయుష్షు తక్కువ. ముప్పది రెండు, ముప్పది మూడు ఏండ్లు వచ్చునప్పటికి మోకాలు మాట వినదు. ఫార్వర్డు ఆట మానిన తరువాత అతని గోళ్ళ కథలైనను మిగులును. రక్షకునికి మిగులునది చూపు. వెనుకనుండి ఆటను చూచి చూచి, ఎవడు ఎప్పుడు ఎటు కదలునో ముందుగా తెలిసికొనుట అతనికి అలవాటు. ఆ చూపే శిక్షకునికి పెట్టుబడి. నయీముద్దీన్‌గారు ఆట మానిన తరువాత ఆ దారిని పట్టినారు. 1990లో ఆయన శిక్షణలో ఈస్ట్ బెంగాల్ జట్టు ఐ.ఎఫ్.ఏ. షీల్డు, డ్యూరాండ్ కప్పు, రోవర్స్ కప్పు మూడింటిని ఒకే ఏట గెలిచినది. అదే సంవత్సరము ఆయనకు ద్రోణాచార్య పురస్కారము లభించినది. ఫుట్‌బాల్ శిక్షకులలో ఆ పురస్కారమును మొదట అందుకొన్నవారు ఆయనయే. అర్జునుడును ద్రోణుడును ఒక్క మనిషియందే కలియుట మన పురాణములలో కూడ లేదు!

తరువాత ఆయన భారత జట్టునకు శిక్షకులైనారు. 1997లో ఖట్మండూలోను, 2005లో కరాచీలోను జరిగిన దక్షిణాసియా పోటీలలో ఆయన శిక్షణలో మన జట్టు విజయము పొందినది. పొరుగు దేశమైన బంగ్లాదేశ్ కూడ ఆయనను తన జాతీయ జట్టునకు శిక్షకునిగా పిలిపించుకొన్నది. క్రమశిక్షణ విషయములో ఆయన కఠినులని ప్రతీతి. వేళకు రానివానిని, తిండిలో నిద్రలో నియమము పాటింపనివానిని ఆయన సహింపలేదు. ఇందువలన కొందరికి కంటగింపైనారు కూడ. కాని జీవితమంతయు ఒక్క అడుగు ఆలస్యమైనచో గోలు పోవునను ఎరుకతో ఆడినవానికి, ఆలస్యము చిన్న తప్పుగా కనిపించుట కష్టమే గదా!

ఇప్పుడు మనకు సంబంధించిన ప్రశ్న ఒకటి మిగిలియున్నది. అంతమంది ఆటగాండ్రను కన్న హైదరాబాదు తరువాత ఏల చిక్కిపోయినది? 1965-66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచినది. ఆపైన మన రాష్ట్రమునకు ఆ ట్రోఫీ దక్కలేదు. బిడ్డలలో సత్తా తగ్గినదని చెప్పుట తేలిక, కాని సరికాదు. మూడు సంగతులు కలిసి వచ్చినవి. రహీంగారు 1963లో పోయిన తరువాత, ఊరిలోని కుర్రవాండ్రను ఏరి, ఏండ్ల తరబడి నేర్పు అట్టి గురువు మరల లభింపలేదు. తయారైన ఆటగాండ్రు బ్రతుకుతెరువు వెదకికొని కలకత్తాకు పోయినారు. వారిని తప్పు పట్టరాదు. కాని వారు తిరిగి వచ్చి చిన్నవారికి నేర్పు ఏర్పాటు ఇక్కడ నిలువలేదు. పోలీసు జట్టువంటి కొలువు జట్లు బలహీనపడగా, పేద ఇంటి పిల్లవానికి ఆట ఒక దారిగా కనిపించుట మానినది. నేర్పువాడు, ఆడు చోటు, ఆట వెనుక అన్నము అను మూడును కలిసియుండవలెను. వెనుక వరుసలో ఒకడు తప్పినచో మిగిలినవారు నిలువలేనట్లే, వీనిలో ఒకటి తప్పినచో తక్కిన రెండును నిలువవు.

కాలము మారినది. 1996లో జాతీయ లీగు ఆరంభమైనది. 2014లో ఇండియన్ సూపర్ లీగు వచ్చినది. నేడు ఆటగాడు తాను వృత్తి ఆటగాడనని తలయెత్తి చెప్పుకొనగలడు. 2022లో హైదరాబాదు పేరు పెట్టుకొన్న జట్టు ఆ సూపర్ లీగును గెలిచినది కూడ. 2024లో రహీంగారి జీవితమును గూర్చి 'మైదాన్' అను హిందీ చలనచిత్రము వచ్చి, మరచిన పేరును దేశమునకు జ్ఞాపకము చేసినది. ఇవన్నియు మంచి సూచనలే. కాని చలనచిత్రము చూచి చప్పట్లు కొట్టినంత మాత్రమున బ్యాక్ తయారు కాడు. అతనికి కావలసినది సాయంకాలమున బడి మైదానములో నిలిచి, "బంతిని చూడు, కాలిని కాదు" అని నూరవసారి కూడ విసుగుకొనక చెప్పు ఒక పంతులు.

వేసవిలో పులికాట్ నీరు తీసిన చోట, ఎండి నెరియలు వారిన నేలమీద, మన పిల్లలు బంతి తన్నుట మీరు చూచియుందురు. జట్లు పంచుకొనునప్పుడు ఏమి జరుగును? చురుకైనవాడు ముందు ఆడుదునని దూకును. చిన్నవానిని, బొద్దువానిని, నిన్న మొన్న వచ్చినవానిని "నీవు వెనుక నిలువుము" అందురు. వాడు ముఖము వ్రేలవేసికొని వెనుకకు పోవును. అది శిక్షయని వాడు తలచును. తక్కినవారును అట్లే తలతురు. ఆ పిల్లవాడు మీ ఇంటివాడే కావచ్చును. ఆ సాయంకాలము వాడు ఇల్లు చేరినప్పుడు "ఎన్ని గోళ్ళు చేసితివిరా?" అని అడుగకుడు. "ఎన్ని గోళ్ళు ఆపితివి?" అని అడుగుడు. ఆ ఒక్క ప్రశ్నతో వాని ముఖము మారుట మీరే చూతురు. నయీముద్దీన్‌గారు నిలిచినదియు ఆ చోటనే యని వానికి చెప్పుడు.

రేపు తూర్పున సముద్రము పొంగి ఘోషించునప్పుడు, పడమటి ఒడ్డున నీరు మామూలుగానే యుండును. అప్పుడైనను, దూరమున సన్నని గీతవలె కనిపించు ఆ ద్వీపమువైపు ఒక్కసారి చూడుడు.